మోకాలిలో ఏసీఎల్ తెగిందన్నారా? ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకునే ముందు ఇలా చేయండి

హన్మకొండలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. మోకాలికి దెబ్బ తగిలి వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో ఎంఆర్ఐ ఫిల్ములు, ముఖంలో టెన్షన్ ఉంటాయి. "పూర్తిగా తెగిందని రాసి ఉంది, వచ్చే వారమే ఆపరేషన్ అంటున్నారు, చేయించుకోవాలా వద్దా?" అని అడుగుతారు. ఈ ప్రశ్నకు రిపోర్టు ఒక్కటే జవాబు చెప్పలేదు. మీరు రోజూ చేసే పనిలో, ఆడే ఆటలో ఆ మోకాలు నిలబడుతోందా, జారిపోతోందా అన్నదే అసలు లెక్క. అది తేలాలంటే చాలామందికి కొన్ని వారాల వ్యాయామం కావాలి. ఆపరేషన్ చేయించుకున్నా ఆ వ్యాయామం తప్పదు, చేయించుకోకపోయినా తప్పదు. కాబట్టి నిర్ణయం ఇంకా తీసుకోకపోయినా వైద్యం ఈ రోజే మొదలుపెట్టవచ్చు.

మిమ్మల్ని చేత్తో పరీక్షించిన డాక్టరు మాటే మీకు ముఖ్యం. ఆయన్ని ఏం అడగాలో, ఇంట్లో ఏం చేయాలో తెలియడానికి ఇది రాస్తున్నాను.

దెబ్బ తగిలిన రోజు

మోకాలి లోపల, తొడ ఎముకను, కింది కాలి ఎముకను కలిపి పట్టుకునే గట్టి పట్టీ ఏసీఎల్. ఇలా ఎముకలను కలిపే పట్టీలనే లిగమెంట్లు అంటారు. పాదం నేలకు ఆని ఉండగా పైన ఒళ్లు ఒక్కసారిగా తిరిగితే భారమంతా దాని మీద పడుతుంది. కబడ్డీలో రైడర్ గిరుక్కున తిరిగినప్పుడు, వాలీబాల్‌లో ఎగిరి ఒంటికాలి మీద దిగినప్పుడు, కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం లాంగ్ జంప్ ప్రాక్టీసు చేస్తున్నప్పుడు ఇలా జరుగుతుంది. ఆట ఆడేవాళ్లకే అనుకోవద్దు. పొలం ఒడ్డు మీద కాలు జారినా, బండి పడిపోతుంటే కాలు ఆనించినా తెగవచ్చు.

చాలామంది 'టప్'మని శబ్దం వినిపించిందనో, లోపల ఏదో తెగినట్టు తెలిసిందనో చెబుతారు. ఆ తర్వాత రెండు మూడు గంటల్లోనే మోకాలు బాగా ఉబ్బిందంటే లోపల రక్తం చేరి ఉండవచ్చు. అలాంటప్పుడు ఏసీఎల్ మీద అనుమానం పెట్టుకోవాల్సిందే. మరుసటి రోజుకు మెల్లగా వాస్తే మినిస్కస్, అంటే రెండు ఎముకల మధ్య ఉండే మెత్త, చిరిగి ఉండవచ్చు.

అన్నిటికంటే ముందు పాదం చూసుకోండి. పాదం చల్లబడినా, పాలిపోయినా, తిమ్మిరెక్కినా, పాదాన్ని పైకి ఎత్తలేకపోయినా, మోకాలు వంకర తిరిగి కనిపించినా ఇంట్లో ఉండవద్దు. కొన్నిసార్లు మోకాలి కీలు పూర్తిగా తప్పి, దానంతట అదే మళ్లీ కూర్చుంటుంది. బయటికి మామూలు వాపులానే కనిపిస్తుంది, కానీ వెనక ఉన్న రక్తనాళం దెబ్బతిని ఉంటుంది. రక్తం అందక ఆరేడు గంటలు గడిస్తే కాలు దక్కడమే కష్టం. వరంగల్ చుట్టుపక్కల ఉన్నవాళ్లు ఎంజీఎం ఎమర్జెన్సీకి గానీ, ఎముకల డాక్టరూ రక్తనాళాల వైద్యమూ ఉన్న పెద్దాసుపత్రికి గానీ వెంటనే వెళ్లాలి. 108కి ఫోన్ చేయండి.

అలాంటిదేమీ లేకపోతే ఆట, పని ఆపేయండి. "కొంచెంసేపు నడిస్తే సర్దుకుంటుంది" అనే మాట వినవద్దు. ఐస్‌ను గుడ్డలో చుట్టి పదిహేను ఇరవై నిమిషాలు పెట్టండి, రెండు మూడు గంటలకోసారి. క్రేప్ బ్యాండేజీ వేళ్లు తిమ్మిరెక్కనంత వదులుగా చుట్టండి. పడుకున్నప్పుడు కాలు గుండె కంటే ఎత్తులో ఉండాలి. మోకాలి కింద దిండు పెట్టవద్దు, మడమ కింద పెట్టండి. వంగిన మోకాలు వంగినట్టే బిగుసుకుంటే తర్వాత నిటారుగా చాపడానికి చాలా కష్టపడాలి.

మన దగ్గర మోకాలు వాచిందంటే వేడి కాపడం పెట్టి, నూనె రాసి మర్దన చేయడం అలవాటు. ప్రేమతోనే చేస్తారు. కానీ మొదటి రెండు మూడు రోజులు వేడి, మర్దన రెండూ లోపలి వాపును పెంచుతాయి. పసరు కట్టుతో కాలు వారాల తరబడి కదలకుండా బిగించడం ఇంకా చెడ్డది. తెగిన ఏసీఎల్ ఆ కట్టుతో అతకదు. తొడ కండరం మాత్రం కరిగిపోతుంది. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర మోకాల్లోకి సూది వేయించుకోవడం కూడా వద్దు. ఆ సూదిలో ఏముందో మీకు తెలియదు, కీలు లోపలికి ఇన్ఫెక్షన్ పోతే పోరాటం చాలా పెద్దదవుతుంది. నొప్పి మాత్రలు కూడా డాక్టరును అడిగి వేసుకోండి, ముఖ్యంగా కిడ్నీ, గ్యాస్ట్రిక్ సమస్యలు ఉన్నవాళ్లు.

డాక్టరు దగ్గర

మొదట ఎక్స్‌రే తీస్తారు. లిగమెంట్ అందులో కనిపించదు, కానీ ఎముక విరిగిందా, లిగమెంట్ తనతోపాటు ఎముక ముక్కను ఊడదీసుకుని వచ్చిందా అన్నది తెలుస్తుంది. "బొక్క విరగలేదు, ఏం కాలేదు" అని ఎక్స్‌రే చూసి ఇంటికి పంపిస్తే అక్కడితో వదిలేయవద్దు. విరగకపోవడం వేరు, ఏం కాకపోవడం వేరు. నెలల తరబడి మోకాలు జారుతూ చివరికి మినిస్కస్ కూడా పాడుచేసుకుని వచ్చేవాళ్లలో చాలామంది ఈ మాట దగ్గరే ఆగిపోయినవాళ్లు.

డాక్టరు చేత్తో చేసే పరీక్ష విలువ ఎంఆర్ఐ కంటే తక్కువ కాదు. మోకాలిని కొద్దిగా వంచి, కింది కాలిని ముందుకు లాగి చూస్తారు. దాన్ని లాక్‌మన్ పరీక్ష అంటారు. ఏసీఎల్ తెగితే కాలు ఎక్కువ ముందుకు వస్తుంది, చివర్లో గట్టిగా ఆగినట్టు ఉండదు. మొదటి రోజు నొప్పి, వాపు వల్ల ఈ పరీక్ష సరిగా కుదరకపోవచ్చు. వారం పది రోజులకు మళ్లీ చూపించుకోండి. అసలు మోకాలిని ముట్టుకోకుండా ఫిల్ములు మాత్రమే చూసి ఆపరేషన్ తేదీ ఇస్తే, ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోండి. అందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

ఎంఆర్ఐకి అదే రోజు పరుగెత్తాల్సిన అవసరం చాలామందికి ఉండదు. ఒక్క సందర్భంలో మాత్రం తొందర కావాలి: మోకాలు ఒక కోణంలో ఇరుక్కుపోయి, మీరు ఎంత ప్రయత్నించినా నిటారుగా రాకపోతే. చిరిగిన మినిస్కస్ ముక్క మధ్యలోకి దొర్లి అడ్డం పడి ఉండవచ్చు. దాన్ని కొన్ని వారాల్లోపు కుట్టగలిగితే మినిస్కస్ దక్కుతుంది, ఆలస్యమైతే కోసి తీసేయాల్సి రావచ్చు. మినిస్కస్ ఎంత పోతే మోకాలు అంత తొందరగా అరుగుతుంది.

రిపోర్టులో ఏ పేరు ఉందో చూడండి, ఎందుకంటే అన్ని లిగమెంట్లూ ఒకలాంటివి కావు. మోకాలి లోపలి పక్కన ఉండే ఎంసీఎల్‌కు మంచి రక్తప్రసారం ఉంటుంది. ఒకటో, రెండో గ్రేడు చిరుగైతే, అంటే పూర్తిగా తెగకపోతే, బ్రేస్, వ్యాయామంతోనే మానుతుంది. వెనక ఉండే పీసీఎల్, వంగిన మోకాలు నేరుగా కొట్టుకున్నప్పుడు, బండి ప్రమాదాల్లో దెబ్బతింటుంది. అదొక్కటే తెగితే చాలావరకు ఆపరేషన్ లేకుండానే నడిపిస్తారు. రెండు మూడు లిగమెంట్లు కలిసి తెగితే అది వేరే కథ. దానికి తొందరగా, అనుభవం ఉన్న సర్జన్ దగ్గరికి వెళ్లాలి. ఏసీఎల్ కీలు ద్రవం మధ్యలో ఉంటుంది కాబట్టి పూర్తిగా తెగిన చివరలు మళ్లీ సరిగా కలవడం తక్కువ. ఇక్కడినుంచి నేను చెప్పేది ఎక్కువగా ఏసీఎల్ గురించే.

నిర్ణయానికి ముందు ఆరు నుంచి పన్నెండు వారాలు

మోకాలు ఇరుక్కుపోలేదు, ఇతర లిగమెంట్లు బాగానే ఉన్నాయి, కుట్టాల్సిన మినిస్కస్ చిరుగు లేదని డాక్టరు చెప్పారా? అయితే ఆరు నుంచి పన్నెండు వారాలు శ్రద్ధగా వ్యాయామం చేసి చూడండి. ఆపరేషన్ తప్పదనుకున్నవాళ్లకు కూడా ఈ సమయం పనికొస్తుంది. వాపుతో, బిగుసుకుపోయిన మోకాలితో ఆపరేషన్ టేబుల్ ఎక్కితే తర్వాత మోకాలు పూర్తిగా వంగక, చాపలేక ఇబ్బంది పడే ప్రమాదం ఎక్కువ.

మొదటి లక్ష్యం మోకాలు నిటారుగా రావడం. మంచం మీద కాళ్లు చాపి, దెబ్బ తగిలిన కాలి మడమ కింద తువ్వాలు చుట్ట పెట్టి పది నిమిషాలు మోకాలిని దాని బరువుతో కిందికి దిగనివ్వండి. రోజుకు మూడు నాలుగుసార్లు. రెండోది తొడ ముందు కండరాన్ని నిద్ర లేపడం. మోకాలికి వాపు రాగానే ఆ కండరం పనిచేయడం తగ్గించేస్తుంది, రెండు మూడు వారాల్లోనే తొడ సన్నబడటం మీ కంటికే కనిపిస్తుంది. మోకాలి వెనక భాగాన్ని మంచానికి అదిమి, చిప్ప పైకి కదిలేలా తొడ బిగించి, పది లెక్కపెట్టి వదలండి. ఇలా పదిసార్లు, రోజుకు ఐదారు విడతలు. అది కుదిరాక కాలు వంగకుండా నిటారుగా ఎత్తడం, మడమను మంచం మీద జరుపుతూ మోకాలు వంచడం.

నడకలో కుంటు పోయేదాకా కర్ర వదలవద్దు. కుంటుతూ నడవడం ధైర్యం కాదు, తప్పు నడక అలవాటవుతుంది. కుంటు పోయాక సీటు ఎత్తు పెంచి, స్టాండు మీద కదలకుండా ఉండే సైకిల్ తొక్కడం, గోడకు ఆని సగం వరకే కూర్చుని లేవడం, గుమ్మం మెట్టు ఎక్కిదిగడం, ఒంటికాలి మీద నిలబడటం వరుసగా చేర్చుకోవచ్చు. వడ్డేపల్లి చెరువు కట్ట మీదో, భద్రకాళి బండ్ మీదో చదునుగా ఉన్నచోట నడవండి. పొలం ఒడ్లు, బురద, గుట్టలు ఇప్పుడు వద్దు.

ఎంత చేయాలో మీ మోకాలే చెబుతుంది. ఈ రోజు వ్యాయామం చేశాక రేపు ఉదయం వాపు పెరిగి ఉంటే ఎక్కువ చేశారన్నమాట, ఒక మెట్టు తగ్గించండి. వాపు పెరగకపోతే ఒక మెట్టు పెంచండి. కొంచెం నొప్పి వచ్చిందని పూర్తిగా మానేయడం, ఒక రోజు బాగుందని పరుగెత్తడం రెండూ వెనక్కి లాగుతాయి.

ఈ వారాల్లో ఒక నోటుబుక్కు పెట్టుకోండి. మోకాలు జారింది అంటే ఎప్పుడు, ఏం చేస్తుంటే అని రాయండి. మెట్లు దిగుతుంటేనా, తిరగబోతేనా, మామూలుగా నడుస్తుంటేనా? సర్జన్ ముందు కూర్చున్నప్పుడు ఆ రెండు పేజీలు రిపోర్టంత పనికొస్తాయి.

ఆపరేషన్ ఎవరికి, ఎవరికి వద్దు

స్వీడన్‌లో 121 మంది చురుకైన యువకులు, యువతుల మీద ఒక పరిశోధన జరిగింది, 2010లో ఫలితాలు వచ్చాయి. సగం మందికి తొందరగా ఆపరేషన్ చేసి వ్యాయామం చేయించారు. మిగతావాళ్లకు ముందు వ్యాయామం, అవసరమైతేనే తర్వాత ఆపరేషన్. రెండేళ్ల తర్వాత రెండు గుంపుల మోకాళ్ల పరిస్థితిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఐదేళ్లకు చూస్తే రెండో గుంపులో దాదాపు సగం మంది ఆపరేషన్ చేయించుకున్నారు, మిగతా సగం మందికి ఆ అవసరం రాలేదు. దీన్ని పట్టుకుని "ఆపరేషన్ దండగ" అనేవాళ్లున్నారు. అది సరికాదు. బ్రిటన్‌లో 316 మంది మీద జరిగి 2022లో వచ్చిన పరిశోధన ఇంకో వైపు చూపిస్తుంది. గాయమై చాలాకాలమైనా మోకాలు జారుతూనే ఉన్నవాళ్లకు వ్యాయామం కంటే ఆపరేషనే ఎక్కువ మేలు చేసింది. రెండిటినీ కలిపి చదివితే నాకు అర్థమయ్యేది ఇది: కొత్త గాయమైతే కొంచెం ఆగి చూడవచ్చు. ఆగి చూశాక కూడా జారుతుంటే ఇక లాగవద్దు.

ఎందుకు లాగకూడదంటే, మోకాలు జారిన ప్రతిసారీ లోపల మినిస్కస్, ఎముకల చివర్ల మీది నున్నటి పొర (మృదులాస్థి) నలుగుతాయి. ఏసీఎల్‌ను కొత్తగా వేయవచ్చు. అరిగిన మృదులాస్థిని మాత్రం మళ్లీ ముందులా చేయలేం.

ఇక మీ పని గురించి ఆలోచించండి. బడిలో పాఠం చెప్పేవాళ్లు, షాపులో కూర్చునేవాళ్లు, కంప్యూటర్ ముందు పనిచేసేవాళ్లు, ఇంటిపని చేసుకునేవాళ్లు మోకాలు జారకపోతే ఆపరేషన్ లేకుండా బాగానే బతకగలరు. అలాంటివాళ్లను చూస్తూనే ఉన్నాను. కబడ్డీ, ఫుట్‌బాల్, వాలీబాల్ లాంటి తిరుగుళ్లు, ఎగురుళ్లు ఉన్న ఆటలకు తిరిగి వెళ్లాలనుకునేవాళ్లకు ఎక్కువగా ఆపరేషన్ వైపే మొగ్గుతాం. తాటిచెట్టు ఎక్కే గౌడన్నల విషయంలో నేను అసలు తటపటాయించను. చెట్టు మీద ఒక్కసారి కాలు పట్టు తప్పితే పోయేది మోకాలు కాదు, ప్రాణం. సింగరేణి గనుల్లో దిగేవాళ్లు, ఏనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే హమాలీలు, సెంట్రింగు పనిచేసేవాళ్లు కూడా తమ పని ఎలాంటిదో డాక్టరుకు వివరంగా చెప్పాలి. "కూలి పని" అని ఒక్క ముక్కలో చెబితే ఆయనకు మీ నిచ్చెన, మీ బస్తా కనిపించవు.

వయసు ఒక్కటే చూసి నిర్ణయించవద్దు. నలభై అయిదు దాటాక ఆపరేషన్ లేదన్న రూలేమీ లేదు, ఇరవై ఏళ్లకు ఆపరేషన్ తప్పదన్న రూలూ లేదు. ఎముకలు ఇంకా పెరుగుతున్న పిల్లల విషయం వేరు. పెరిగే భాగం దెబ్బతినకుండా చేసే పద్ధతులు ఉంటాయి కాబట్టి పిల్లల మోకాళ్లలో అనుభవం ఉన్న సర్జన్‌నే వెతకాలి. ఇంకో మాట: ఒకే ఆట ఆడే అబ్బాయిల కంటే అమ్మాయిలకు ఏసీఎల్ తెగే అవకాశం ఎక్కువ. గురుకులాల్లో, కాలేజీల్లో ఆడే ఆడపిల్లలు "మోకాలు జారుతోంది" అంటే ఆట ఎగ్గొట్టడానికి చెబుతున్నారనుకోవద్దు. పెళ్లి సంబంధాలు చూస్తున్నాం, మోకాలి మీద మచ్చ పడుతుందని కుంటే మోకాలితో రెండేళ్లు ఈడ్చిన కుటుంబాలు ఉన్నాయి. ఆ పిల్ల ఆ మోకాలితో యాభై ఏళ్లు నడవాలి.

రైతులు కాలం చూసుకోవచ్చు. ఏసీఎల్ ఒక్కటే తెగి, మినిస్కస్ బాగుంటే నాట్లు, కోతలు అయ్యాక తేదీ పెట్టుకున్నా చాలావరకు నష్టం లేదు. షరతు ఒక్కటే, ఆ లోపు మీరు బురదలో, ఒడ్ల మీద తిరగకూడదు. పని ఇంకొకరికి అప్పగించలేని పరిస్థితైతే ఆగడంలో అర్థం లేదు.

ఆపరేషన్ అనుకున్నాక అడగాల్సినవి

తెగిన ఏసీఎల్‌ను మామూలుగా కుట్టరు. మీ ఒంట్లోంచే వేరే స్నాయువు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం, తీసి, ఎముకల్లో సొరంగాలు చేసి కొత్త లిగమెంట్‌గా అమరుస్తారు. మన దగ్గర ఎక్కువగా తొడ వెనక భాగంలోని హామ్‌స్ట్రింగ్ నుంచి తీస్తారు. చిప్ప కింద ఉండే స్నాయువును ఎముక ముక్కలతో సహా తీసే పద్ధతీ ఉంది. అది ఎముకలో గట్టిగా అతుక్కుంటుంది, కానీ మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు ముందు భాగంలో నొప్పి ఉండవచ్చు. మోకాళ్ల మీద కూర్చుని నమాజు చేసేవాళ్లు, టైల్స్ పరిచే మేస్త్రీలు ఈ సంగతి సర్జన్‌కు ముందే చెప్పాలి. చీలమండ పక్క నుంచి తీసే పద్ధతి కూడా ఇప్పుడు వాడుకలో ఉంది. ఏది గొప్పది అని కాకుండా "నా పనికి, నా ఆటకు ఏది సరిపోతుంది, ఎందుకు?" అని అడగండి.

మినిస్కస్‌ను వీలైతే కుడతారా, కోసేస్తారా? నెలకు సుమారు ఎన్ని ఏసీఎల్ ఆపరేషన్లు చేస్తారు? తర్వాత వ్యాయామం ఎవరు చేయిస్తారు, వారం వారం ఏం చేయాలో రాసి ఇస్తారా? ఈ మూడూ తప్పకుండా అడగండి. మూడోదానికి "ఇంటి దగ్గర చేసుకోండి" అన్నదే జవాబైతే ఇంకోచోట కూడా కనుక్కోండి.

హైదరాబాదా, వరంగలా అన్న చర్చ ప్రతి ఇంట్లో జరుగుతుంది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బాగా చేసే సర్జన్ ఎక్కడున్నా వెళ్లండి, కానీ ఫిజియోథెరపీ మాత్రం మీ ఇంటికి దగ్గరగా ఖాయం చేసుకోండి. భూపాలపల్లి నుంచో, మహబూబాబాద్ నుంచో వారానికి రెండు మూడుసార్లు హైదరాబాద్ వెళ్లి వ్యాయామం చేసి రావడం నెల కూడా సాగదు. సర్జన్ రాసిచ్చిన కాగితం స్థానిక ఫిజియోథెరపిస్టు చేతికి రావాలి, ఇద్దరూ ఫోన్లో మాట్లాడుకోగలిగితే ఇంకా మంచిది.

డబ్బు విషయంలో, తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. అయితే పరిమితి పెద్దది కావడం వేరు, మీ ఆపరేషన్ ఆ ఆసుపత్రిలో ఆ పథకం కింద జరగడం వేరు. చేరకముందే ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ పనులు చూసే ఆరోగ్యమిత్రను కలిసి రిపోర్టు చూపించి అడగండి. కొత్త లిగమెంట్‌ను ఎముకలో బిగించే స్క్రూలు, బటన్లు అందులోకి వస్తాయా, బయట కొనాలా అన్నదీ అప్పుడే తేల్చుకోండి. రైల్వే, సింగరేణి ఉద్యోగులు తమ వైద్య విభాగం రెఫరల్ ముందే రాయించుకోవాలి. బడ్జెట్ వేసేటప్పుడు ఆసుపత్రి బిల్లు ఒక్కటే రాయవద్దు. నెలల ఫిజియోథెరపీ, ఆటో ఖర్చులు, పోయే కూలి కూడా రాయండి. సగంలో డబ్బు అయిపోయి వ్యాయామం ఆపేసిన మోకాలు ఆపరేషన్ చేయని మోకాలి కంటే గొప్పగా ఏమీ ఉండదు.

ఆపరేషన్ తర్వాత తొమ్మిది నెలలు

ఇంటికి వచ్చేముందే ఇల్లు సర్దించండి. నేల మీద కూర్చోవడం, ఇండియన్ టాయిలెట్ మొదటి నెలల్లో కుదరవు. మెడికల్ షాపుల్లో కమోడ్ కుర్చీ దొరుకుతుంది. మంచం కింది గదిలో వేయండి. హైదరాబాద్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు కాలు చాపుకునే వీలున్న బండి మాట్లాడుకోండి. దారి పొడవునా పాదాన్ని పైకీ కిందికీ ఆడిస్తూ, గంటకోసారి ఆగి లేచి నిలబడండి. పిక్కలో గట్టి నొప్పి, వాపు వచ్చినా, ఆయాసం వచ్చినా రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. జ్వరం, మోకాలు ఎర్రగా వేడిగా కావడం, కుట్ల నుంచి చీము రావడం ఇన్ఫెక్షన్ గుర్తులు. రెండిటికీ తెల్లారేదాకా ఆగవద్దు.

మొదటి రెండు వారాల పని, మోకాలు పూర్తిగా నిటారుగా రావడం, వాపు తగ్గడం, తొడ కండరం బిగించగలగడం. పైన చెప్పిన వ్యాయామాలే మళ్లీ. చాలామంది కర్రలతో మొదటి ఒకటి రెండు రోజుల్లోనే నడుస్తారు. మినిస్కస్ కుట్టి ఉంటే బరువు మోపడానికి, వంచడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పరిమితులు ఉంటాయి. అందుకే పక్కింటివాళ్లతో పోల్చుకోవద్దు, వాళ్లకు చేసిన ఆపరేషన్ మీది కాకపోవచ్చు. ఆరు వారాలకు కుంటు లేకుండా నడవాలి. బైకు అప్పటిదాకా ముట్టుకోవద్దు, ఆ తర్వాత కూడా సర్జన్ ఒప్పుకున్నాకే. సెంటర్ స్టాండ్ వేయడం, కిక్ కొట్టడం మోకాలిని మెలితిప్పే పనులు. వాటిని ఇంకా తర్వాతకు పెట్టుకోండి.

ఇక్కడ అందరూ పొరపడే సంగతి ఒకటి ఉంది. అమర్చిన స్నాయువుకు కొత్త రక్తనాళాలు పుట్టి, అది లిగమెంట్‌గా మారడానికి చాలా నెలలు పడుతుంది. ఆ మార్పు జరిగేటప్పుడు, సుమారు ఆరో వారం నుంచి పన్నెండో వారం దాకా, అది బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే మీకు నొప్పి పోతుంది, నడక బాగవుతుంది, "నాకు తగ్గిపోయింది" అనిపిస్తుంది. బతుకమ్మ ఆడాలని, పెళ్లి బరాత్‌లో ఎగరాలని అనిపిస్తుంది. దయచేసి ఆగండి. నొప్పి లేకపోవడం బలం వచ్చినట్టు కాదు.

పరుగు మూడు నాలుగు నెలల ముందు వద్దు. అప్పుడైనా వాపు లేకుండా, మోకాలు పూర్తిగా కదులుతూ, తొడలో తగినంత బలం ఉంటేనే. అది కూడా మొదట హన్మకొండ జేఎన్ఎస్ స్టేడియం లాంటి చదునైన ట్రాక్ మీద, నేరుగా. మలుపులు, ఎగురుళ్లు తర్వాత. పూర్తిగా గొంతు కూర్చోవడం ఎప్పుడు మొదలుపెట్టాలో సర్జన్‌నే అడగండి, ముఖ్యంగా మినిస్కస్ కుట్టినవాళ్లు.

ఆటకు ఎప్పుడు? నార్వే, అమెరికా పరిశోధకులు 2016లో ప్రచురించిన పరిశోధనలో తొమ్మిది నెలల దాకా ఆగిన ప్రతి నెలకూ మళ్లీ గాయమయ్యే అవకాశం దాదాపు సగం చొప్పున తగ్గుతూ వచ్చింది. కాబట్టి తొమ్మిది నెలలు కనీసం. నెలలు నిండితే చాలదు, పరీక్షలు కూడా నెగ్గాలి. దెబ్బ తగిలిన కాలి బలం, ఒంటికాలి గెంతు దూరం, మంచి కాలితో పోలిస్తే 90 శాతమైనా ఉండాలి. గెంతి దిగినప్పుడు మోకాలు లోపలికి వంగకూడదు. కొలవకుండా "బాగానే ఉంది, ఆడుకో" అంటే సరిపోదు. క్రికెటర్ రిషభ్ పంత్ 2022 డిసెంబరు 30న కారు ప్రమాదంలో మోకాలి లిగమెంట్లు తెగి, మళ్లీ 2024 మార్చిలో ఐపీఎల్‌లో దిగాడు. అన్ని సౌకర్యాలూ ఉన్న ఆటగాడికే ఏడాది దాటింది. మీ ఊరి టోర్నమెంటు కెప్టెన్ ఐదో నెలలో ఫోన్ చేస్తే ఈ సంగతి చెప్పండి. కానిస్టేబుల్ నోటిఫికేషన్ కోసం ఎదురుచూసేవాళ్ల తొందర నాకు తెలుసు, ఉద్యోగం చిన్న విషయం కాదు. అయినా ఆరో నెలలో లాంగ్ జంప్ దూకి కొత్త లిగమెంట్ తెంచుకుంటే ఆ నోటిఫికేషనే కాదు, దాని తర్వాతదీ పోతుంది.

ఆపరేషన్ లేకుండా నడిపేవాళ్లు

మీకు కూడా మూడు నుంచి ఆరు నెలల క్రమమైన వ్యాయామం కావాలి. ఆ తర్వాత వారానికి రెండుసార్లు తొడ, పిరుదు, పిక్క కండరాలకు బలం పెంచే వ్యాయామాలు ఆపకుండా చేయాలి. బరువు పెరగకుండా చూసుకోండి. మోకాలి క్యాప్ వేసుకుంటే కొంత ధైర్యం వస్తుంది గానీ అది లిగమెంట్ పని చేయదు, దాన్ని నమ్ముకుని కబడ్డీ కోర్టులోకి దిగవద్దు. ఈత, సైకిల్, నేరుగా నడక మీకు మంచివి. మేడారం లాంటి జాతరలకు వెళితే వాగులో రాళ్ల మీద, జనం తోపులాటలో నడిచేటప్పుడు చేతిలో కర్ర ఉంచుకోండి.

ఏడాది పొడవునా బాగుండి, ఒక్కసారి మోకాలు జారి వాచినా వదిలేయకండి. వారంలోపు డాక్టరుకు చూపించి, మినిస్కస్ చిరిగిందేమో పరీక్ష చేయించుకోండి. నోటుబుక్కులో తేదీ రాసి, అదే చేత్తో పట్టుకుని వెళ్లండి.